ఎడంచేతి సంసారం

'కుడిచెయ్యి ఆరు వారాలు కదపకూడదు' అన్నారు డాక్టరుగారు. ఆరు వారాలేగా అనుకున్నా. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున టూత్‌పేస్టు దగ్గరే ఆగిపోయాను. చివరికి ట్యూబుని పళ్లతో పట్టుకుని మూత తిప్పి, బ్రష్షుని సింకు గట్టుమీద పడుకోబెట్టి పేస్టు వేశాను. పళ్లు తోముకోవడానికి పావుగంట! ఒంటిచేత్తో, అదీ ఎడంచేత్తో సంసారం ఈదడమంటే ఏంటో అప్పుడు తెలిసొచ్చింది.

కథ అంతకు రెండు నెలల ముందు మొదలైంది. వాకిలి కడుగుతూ జారి, చెయ్యి నేలకి ఆనించి పడ్డాను. ఎముక విరగలేదు. బెణికిందన్నారు ఇంట్లో. నూనె మర్దనలు, వేణ్నీళ్ల కాపడాలు అన్నీ అయ్యాయి. కానీ పై అరలోని కందిపప్పు డబ్బా కోసం చెయ్యెత్తితే సగంలోనే ఆగిపోయేది. రాత్రి ఆ పక్కకి తిరిగితే ప్రాణం పోయేది. స్కానింగ్ తీస్తే తేలింది... భుజంలో టెండన్ తెగిందని. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేదే టెండన్.

మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువ వైపులకు తిరిగే కీలు భుజమే. బంతిలాంటి ఎముక తల, లోతులేని గిన్నెలో కూర్చుని ఉంటుంది. అది జారిపోకుండా పట్టుకునేవి చుట్టూ ఉన్న నాలుగు కండరాలు. వాటి టెండన్లన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. అది తెగిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి వ్యాయామాలతోనే సర్దుకుంటుంది. నాది దెబ్బకి పూర్తిగా తెగింది కాబట్టి తప్పలేదు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, ఎముకలోకి మేకుల్లాంటి యాంకర్లు దించి, దారాలతో టెండన్‌ని లాగి కట్టారు.

ఆ చేత్తోనా!

మన ఇళ్లలో ఎడంచేతికున్న మర్యాద తెలిసిందేగా. చిన్నప్పుడు ఆ చేత్తో ఏదైనా అందిస్తే అమ్మ వీపుమీద ఒక్కటిచ్చేది. ఇప్పుడు అన్నీ ఆ చేత్తోనే. అన్నం కలపడానికి మనసొప్పక చెంచా పట్టాను. పప్పన్నం ఫర్వాలేదు, చారన్నం సగం ఒళ్లోనే. రెండోరోజు మా అత్తగారు చూశారు. ఏమీ అనకుండా కంచం తీసుకుని, కలిపి, ముద్దలు పెట్టారు. డెబ్భైనాలుగేళ్ల ఆవిడ యాభైరెండేళ్ల కోడలికి! సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. 'నోరు తెరువమ్మా, చల్లారిపోతుంది' అన్నారంతే.

గుళ్లో తీర్థానికి ఎడంచెయ్యి చాచబోయి ఆగితే, పూజారిగారే 'ఫర్వాలేదు, పట్టమ్మా' అన్నారు. కూరగాయల కొట్టతను మాత్రం బోణీ బేరానికి ఎడంచేత్తో డబ్బులిచ్చేసరికి మొహం చిట్లించాడు. తర్వాత మెడలోని స్లింగు చూసి నవ్వేశాడనుకోండి.

చీరలన్నీ బీరువాలోకి పోయాయి. ముందు గుండీలున్న నైటీలే గతి. వేసుకునేటప్పుడు ఆపరేషనైన చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అది ఆఖర్న రావాలి. ఈ చిన్న సూత్రం తెలీక మొదటిరోజు కన్నీళ్లు పెట్టుకున్నా. జడ వేయడం మావారు నేర్చుకున్నారు. మొదటివారం అది జడో, కొబ్బరితాడో చెప్పడం కష్టంగా ఉండేది.

చాకుతో కూర తరగలేక ఓ రోజు అటకమీది కత్తిపీట దింపించాను. పీటని కాలితో తొక్కిపెడితే కత్తి కదలదు, ఒక్క చెయ్యి చాలు. బెండకాయలు తరిగేశా! గర్వంగా లేవబోతే కదా తెలిసింది, నేలమీంచి లేవాలంటే చేతి ఆసరా కావాలని. మా అబ్బాయి వచ్చి లేపాడు. ఆ ప్రయోగం మళ్లీ చేయలేదు.

నొప్పి తగ్గాకే ప్రమాదం

రాత్రుళ్లే నరకం. వెల్లకిలా పడుకుంటే భుజం లాగేసేది. నెలరోజులు పడక్కుర్చీలోనే, మోచేతి కింద చిన్న దిండు పెట్టుకుని నిద్ర. నాలుగోవారానికి నొప్పి బాగా తగ్గింది. చిక్కంతా అక్కడే వచ్చింది. పాలు పొంగబోతుంటే ఆలోచించకుండా కుడిచెయ్యి స్లింగులోంచి లాగి గిన్నె దించేశా. భుజం కలుక్కుమంది. తెల్లార్లూ భయమే. డాక్టరుగారు పరీక్షించి, అదృష్టం, కుట్లు ఊడలేదన్నారు. 'ఇప్పుడు టెండన్‌ని పట్టుకుని ఉన్నది దారమేనమ్మా. ఎముకకు గట్టిగా అతుక్కోవడానికి నెలలు పడుతుంది. నొప్పి లేదు కదాని అతికేసిందనుకోకండి' అన్నారు. నాకు షుగరు కూడా ఉంది. అది అదుపులో లేకపోతే మానడం ఆలస్యమవుతుంది, కీలు బిగుసుకుపోయే అవకాశమూ ఎక్కువే.

అలాగని చెయ్యిని బొత్తిగా వదిలేసినా బిగుసుకుపోతుంది. అందుకే ముందు వేళ్లు, మణికట్టు, మోచెయ్యి ఆడించడం. తర్వాత నడుం వంచి, చెయ్యి వదిలేసి గడియారం లోలకంలా ఊపడం. ఆరువారాలు దాటాక కర్ర పట్టుకుని ఎడంచేత్తో కుడిచెయ్యిని లేపడం. బరువుల వ్యాయామం మూడునెలలు నిండాకే. టెండన్ ఎంత తెగిందన్నదాన్నిబట్టి ఈ లెక్కలు మారతాయి కాబట్టి పక్కింటివాళ్ల లెక్క మనకి పనికిరాదు.

నేను విసుక్కుంటుంటే మా అబ్బాయి సచిన్ సంగతి తీశాడు. 2006 మార్చిలో లండన్‌లో భుజానికి ఆపరేషన్ చేయించుకుంటే, మళ్లీ మనదేశం తరఫున ఆడింది సెప్టెంబరులోనట. కౌలాలంపూర్‌లో వెస్టిండీస్‌మీద 141 నాటౌట్! 'అంతటివాడికే ఆర్నెల్లు పట్టింది, నీకేం తొందరమ్మా' అన్నాడు.

పడగ్గది గోడమీద వేళ్లు పాకిస్తూ, అందినంత ఎత్తులో పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేదాన్ని. ఒకప్పుడు పిల్లల ఎత్తు కొలిచిన గోడే అది. నా మొదటి గీత గడ్డం దగ్గరుంది. నాలుగునెలలకి తల దాటింది. మొన్న పై అరలోని కందిపప్పు డబ్బా కూడా అందింది. ఖాళీ డబ్బానే లెండి, నిండుదైతే అత్తగారు ముట్టుకోనివ్వరు. చెయ్యి వీపు వెనక్కి పోవడం మాత్రం ఇంకా రాలేదు. అది ఆఖర్న వస్తుందట. జడ ఇంకా మావారే వేస్తున్నారు.