ఏటంటావు?

"ఏటంటావమ్మా?" శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రోజూ వినిపించే మాట ఇది. ఎదుటి మనిషి అభిప్రాయం అడిగే మాట. దీన్నే ఇంగ్లీషులో "వాట్ డూ యూ థింక్?" అంటారు.

మన అభిప్రాయం చెప్పాలంటే "ఐ థింక్" అని మొదలుపెట్టాలి. "నాకు అనిపిస్తోంది" అని దానికి అర్థం.

"ఐ థింక్ దిస్ వాటర్ ఈజ్ బ్యాడ్." అంటే, ఈ నీళ్ళు బాగోలేవని నాకు అనిపిస్తోంది.

"బికాజ్ చిల్డ్రన్ ఆర్ సిక్." అంటే, ఎందుకంటే పిల్లలకు జబ్బు చేసింది.

కారణం చెబితే మాటకు బలం వస్తుంది.

ఎదుటివారి మాట నచ్చితే "ఐ అగ్రీ" అనాలి. నచ్చకపోతే "ఐ డోంట్ అగ్రీ" అనాలి. అలా అంటే తగువు పెట్టుకున్నట్టు కాదు.

అయితే ఇంగ్లీషు వస్తేనే అభిప్రాయం చెప్పాలా? అక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడారు. సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాశారు.

ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఆడమనిషీ గ్రామసభ సభ్యురాలే. బోరు నీళ్ళు బాగోలేకపోతే సభలో లేచి చెప్పొచ్చు. "ఏటంటావమ్మా?" అని ఎవరూ అడగకపోయినా చెప్పొచ్చు. మన యాసలోనే చెప్పొచ్చు. చెప్పింది తీర్మానంలో రాశారో లేదో చదివి చూసుకోవాలి. ఇప్పుడు చదువు వచ్చింది కదా!