డీజిల్ ఇంజెక్టర్లు - విద్యుద్దోష నిర్ణయం

నాడి చూడకుండా మందు వ్రాసే వైద్యుని మనం నమ్మము. కాని యంత్రాల విషయంలో మాత్రం, నాడి చూడకుండానే అవయవాన్ని మార్చివేసే అలవాటు మనలో ఎక్కువగా ఉన్నది. ఈ అలవాటు వలన యంత్రానికి కలిగే నష్టం కంటె, దానిపై ఆధారపడి బ్రతికే కుటుంబానికి కలిగే నష్టమే పెద్దది. మా మామూ కాలువ పనిలో మట్టి తవ్వే యంత్రం నడిపేవారు. ఒకనాడు ఆ యంత్రం పొగ చిమ్ముతూ, వణుకుతూ, సగం బలంతో నిలిచిపోయినది. ఆ ఉదంతమే నన్ను ఈ వ్యాసం వ్రాయుటకు ప్రేరేపించినది.

ముందుగా ఇంజెక్టర్ పని ఏమిటో తెలిసికొందాము. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో ప్రదర్శించిన ఇంజనులో నిప్పురవ్వ అవసరం లేదు. గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. ఆ ఇంధనాన్ని సరియైన క్షణంలో, సరియైన పరిమాణంలో సిలిండరులోనికి చిమ్మేదే ఇంజెక్టర్. చాలాకాలం ఈ పనిని పంపు, పైపు, స్ప్రింగు మాత్రమే నిర్వహించినవి. 1990 దశకం చివరినుండి కామన్ రైలు పద్ధతి వ్యాపించినది. మన దేశంలో చక్రాల నిర్మాణ యంత్రాలకు 2021లో కఠినమైన పొగ నిబంధనలు అమలులోనికి వచ్చిన తరువాత, విద్యుత్ ఇంజెక్టర్లు మన ఊరి పనులలోనూ సాధారణమైనవి.

విద్యుత్ ఇంజెక్టరులో ఒక తీగచుట్ట ఉంటుంది. దీనినే సోలినాయిడ్ అంటారు. కంట్రోల్ యూనిట్ విద్యుత్తు పంపగానే అది అయస్కాంతమై చిన్న వాల్వును లేపుతుంది, ఇంధనం చిమ్ముతుంది. నిమిషానికి 1800 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరుకు సెకనుకు 15 మారులు ఈ పని జరుగవలెను. ఇంత త్వరగా వాల్వు తెరచుటకు బ్యాటరీలోని 24 వోల్టులు చాలవు. కావున కంట్రోల్ యూనిట్ దానిని 50 మొదలు 100 వోల్టులకు పైబడి పెంచి పంపుతుంది.

ఇక దోషాలు. ఇవి ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది, తీగ తెగిపోవుట. రెండవది, తీగ పైపొర అరిగి ఇంజను బాడీకి తగులుట. మూడవది, కనెక్టరు పిన్నులు వదులై గాని, తుప్పు పట్టి గాని విద్యుత్తు సరిగా అందకపోవుట. దోష సంకేతాల అంతర్జాతీయ పద్ధతిలో 651 నుండి 656 వరకు గల సంఖ్యలు వరుసగా మొదటి ఆరు సిలిండర్ల ఇంజెక్టర్లను తెలుపుతవి. వాటి ప్రక్కన 5 ఉన్నచో ప్రవాహం తక్కువ, అనగా వలయం తెగియుండవచ్చును. 6 ఉన్నచో ప్రవాహం ఎక్కువ, అనగా బాడీకి తగిలియుండవచ్చును. సంకేతం అనుమానితుని పేరు చెప్పునే గాని నేరం నిరూపించదు. ఈ భేదాన్ని మరువరాదు.

మా మామూ యంత్రంలో 1, 2, 3 సిలిండర్లకు మూడింటికీ సంకేతాలు వచ్చినవి. పిలువబడిన మెకానిక్ మూడు ఇంజెక్టర్లూ పోయినవన్నాడు. వాటి ఖరీదు మామూ కొన్ని నెలల సంపాదనకు మించినది. అప్పు తెచ్చుటకు బయలుదేరిన సమయంలో ఒక వృద్ధ ఎలక్ట్రీషియన్ సాహెబ్ ఒకే ప్రశ్న వేసినారు: "మూడూ ఒకే క్షణంలో చెడిపోయినవా బేటా? ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో ముందు చూడు."

ఉమ్మడిగా ఉన్నది విద్యుత్తు పంపే వలయమే. కొన్ని ఇంజనులలో మూడేసి ఇంజెక్టర్లకు ఒకే వలయం ఉంటుంది. ఒకదాని తీగ బాడీకి తగిలినచో, కంట్రోల్ యూనిట్ తనను తాను కాపాడుకొనుటకు మూడింటినీ ఆపివేస్తుంది. సాహెబ్ ఇంజను ఆపి, కొంతసేపు ఆగి, బ్యాటరీ తీగ విప్పి, కంట్రోల్ యూనిట్ కనెక్టరును వేరుచేసినారు. మల్టీమీటరుతో ప్రతి ఇంజెక్టరు చుట్ట నిరోధాన్ని కొలిచినారు. ఈ నిరోధం చాల రకాలలో ఒకటి రెండు ఓములకు మించదు. కావున మీటరు తీగల నిరోధాన్ని తీసివేసి, ఆరింటినీ పోల్చవలెను. వేడి 100 డిగ్రీలు పెరిగినచో రాగి నిరోధం సుమారు 40 శాతం పెరుగుతుంది. అందుచేత అన్నింటినీ ఒకే వేడిలో కొలువవలెను. ఆరూ సమంగానే ఉన్నవి.

తరువాత మూడు ఇంజెక్టర్లను తీగలనుండి విడదీసి, ఒక్కొక్క తీగకూ ఇంజను బాడీకీ మధ్య కొలిచినారు. అక్కడ మార్గమే ఉండరాదు. తీగలకట్టను కదిలించగా రెండవ సిలిండరు తీగవద్ద మీటరు సున్నాకు పడినది. ఇంజెక్టరు విడిపోయిన తరువాత కూడ దోషం నిలిచినది గనుక, దోషం ఇంజెక్టరులో లేదు, తీగలోనే ఉన్నది. ఒక క్లిప్పు క్రింద పైపొర అరిగియున్నది. జానెడు తీగ, కొంచెం స్లీవు, ఒక పూట శ్రమ. అంతటితో యంత్రం లేచినది.

విద్యుత్ పరీక్షలన్నీ సరిగా ఉండి కూడ సిలిండరు పని చేయనిచో, అపుడే ఇంజెక్టరు లోపలి అరుగుదలను అనుమానించవలెను.

ఒక హెచ్చరిక. పాతకాలపు మెకానిక్కులు ఇంజను నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసి, పనిచేయని సిలిండరును కనుగొనేవారు. కామన్ రైలులో ఒత్తిడి 1600 బార్‌లకు మించవచ్చును. ఆ ధార చర్మాన్ని చీల్చి లోనికి చొచ్చుకొనిపోతుంది. అట్టి గాయం చూపునకు చిన్నదైనా చేతినే పోగొట్టగలదు. కావున ఆ పద్ధతిని పూర్తిగా విడనాడవలెను.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు రేపు వర్కుషాపులలోను, గల్ఫు దేశాల పనులలోను యంత్రాలముందు నిలువవలసియున్నది. మనం తరగతిలో నేర్చిన ఓమ్ సూత్రం పరీక్షకొరకు మాత్రమే కాదు; ఒక పేదవాని అప్పును ఆపుటకు కూడ పనికివచ్చునని ఆనాడు నాకు తెలిసినది. కొలిచిన తరువాతనే తీర్పు చెప్పుట మన నియమం కావలెను.