ఖనిజముల ఎగుమతియు దేశాభివృద్ధియు

గడచిన సంవత్సరము మా పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమున, సండూరు వైపు నుండి వచ్చిన పెద్దాయన ఒకరు లేచి మమ్ములను ఒక ప్రశ్న అడిగిరి. "మన కొండల మన్నంతా ఓడలెక్కి చైనాకు పాయ. కోట్లు కోట్లు వచ్చినాయంటిరి. ఆ కోట్లు యాడికి పాయ సార్?" సభలో కొందరు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆర్థిక శాస్త్రజ్ఞులు గ్రంథములు వ్రాసి చర్చించిన సమస్యనే ఆయన ఒక్క మాటలో అడిగినారు. ఆనాడు వ్యవధి చాలక చెప్పలేకపోయిన సమాధానమును ఈ వార్షిక సంచిక మూలమున మనవి చేయుచున్నాము.

ఖనిజముల ఎగుమతి వలన దేశమునకు కలుగు మేలు ముఖ్యముగా నాలుగు మార్గముల వచ్చును. మొదటిది విదేశ మారక ద్రవ్యము. పెట్రోలియము, యంత్రములు, ఎరువులు మనము పరదేశముల నుండి కొనవలసియున్నది. వాని వెల చాలవరకు డాలర్లలో చెల్లింపవలెను. మన వస్తువు నేదైన అమ్మిననే గాని ఆ డాలర్లు చేతికి రావు. రెండవది ప్రభుత్వాదాయము. గని యజమాని రాష్ట్రమునకు రాయల్టీయు, కేంద్రమునకు ఆదాయపు పన్నును, ఎగుమతి సుంకమును చెల్లించును. మూడవది ఉపాధి. నాలుగవది అనుబంధాభివృద్ధి, అనగా గని వలన వచ్చు రైలుమార్గములు, ఓడరేవులు, మరమ్మతు కార్ఖానాలు, ఉక్కు పరిశ్రమలు.

అయితే ఇందులో ఒక మెలిక యున్నది. రైతు వరి పండించి అమ్మినచో మరుసటి ఏడు పొలము మరల పండును. ఇనుపరాయి అట్లు కాదు. ఒకసారి త్రవ్వి అమ్మిన రాయి మరల మొలవదు. కావున ఖనిజమును అమ్మగా వచ్చిన ధనము పంట అమ్మగా వచ్చిన ధనము వంటిది కాదు. పొలమునే అమ్మగా వచ్చిన ధనము వంటిది. పొలమమ్మిన వాడు ఆ ధనముతో పెండ్లి విందులు చేసినచో కొంతకాలము ఊరిలో గొప్పవాడుగా కనుపించును. ఆ ధనముతో వేరొకచోట పొలము కొన్నవాడు, లేక పిల్లలకు చదువు చెప్పించినవాడు నిలుచును. కూర్చుండి తిన్న కొండలైనను తరుగునని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. జాన్ హార్ట్‌విక్ అను శాస్త్రజ్ఞుడు 1977లో గణితముతో నిరూపించినదియు ఇంచుమించు ఇదియే. భూమి నుండి తీసిన సంపద యొక్క లాభమును మూలధనముగా మార్చుకొన్న జాతికి మాత్రమే తరువాతి తరములలో గూడ జీవనము తగ్గక నిలుచునని ఆయన సిద్ధాంతము.

ఇందుకు రెండు దేశముల చరిత్రలు సాక్ష్యము పలుకును. పసిఫిక్ మహాసముద్రములోని నౌరూ 21 చదరపు కిలోమీటర్ల చిన్న ద్వీపము. అచ్చటి ఫాస్ఫేటు రాయి ఎరువులకు ప్రసిద్ధము. 1968లో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, ఆ రాతిని అమ్ముకొని నౌరూ ప్రజలు కొంతకాలము ప్రపంచములోని మిక్కిలి ధనికులలో లెక్కకు వచ్చిరి. రాబడిలో కొంత నిధిగా కూడబెట్టిరి గూడ. కాని ఆ నిధిని సరిగా కాపాడుకొనలేదు. రాయి తరిగినది, నిధి కరగినది, ద్వీపము నడిబొడ్డు సేద్యమునకు పనికిరాని రాతిగుట్టలుగా మిగిలినది. కూడబెట్టుట చాలదు, కాపాడుటయు కావలెనని దీనివలన తెలియుచున్నది.

ఆఫ్రికాలోని బోట్స్వానా కథ వేరు. 1966లో స్వతంత్రమైననాడు అది కడు పేదదేశము. దేశమంతటను పట్టభద్రులు 22 మంది మాత్రమే యుండిరి. మరుసటి సంవత్సరము ఒరాపా వద్ద వజ్రములు బయల్పడినవి. అచ్చటి ప్రభుత్వము గనుల సంస్థలో సగము వాటా సంపాదించి, ఖనిజాదాయమును రోడ్లకు, పాఠశాలలకు, వైద్యమునకు, భవిష్యన్నిధికి వినియోగించుటను నియమముగా పెట్టుకొన్నది. ఆ దేశము నేడు మధ్యతరగతి ఆదాయము గల దేశములలో ఒకటి. అయినను దానికి గూడ పూర్తి నిశ్చింత లేదు. ప్రయోగశాలలలో చేసిన వజ్రములు బజారుకు వచ్చి సహజ వజ్రముల గిరాకి తగ్గగా, 2024లో దాని ఉత్పత్తి కుంచించుకొనిపోయినది. ఒక్క వస్తువు మీద ఆధారపడుటలోని అపాయమిది.

ఇక మన దేశమునకు వత్తము. 1960లో జపాను ఉక్కు కర్మాగారములతో కుదిరిన ఒప్పందము ననుసరించి బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖపట్టణము రేవునకు చేర్చుటకై కొత్తవలస-కిరండూల్ రైలుమార్గమును నిర్మించిరి. ఆ ఖనిజము ఓడలలో జపానుకు పోయి ఉక్కుగా మారినది. మన రేవునుండి రాయి పోవుచుండగా మన యొద్ద ఉక్కు ఏల కాకూడదని 1966లో ఆంధ్రదేశమంతట ఆందోళన లేచినది. ప్రాణములు గూడ పోయినవి. 1971లో ఇందిరాగాంధీ గారు విశాఖ కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992లో అది జాతికి అంకితమైనది. ఒక టన్ను ఉక్కునకు సుమారు 1.6 టన్నుల ఖనిజము కావలెను. ఆ రాతిని రాతిగా అమ్మిన వచ్చు ధరకును, ఉక్కుగా చేసి అమ్మిన వచ్చు ధరకును గల వ్యత్యాసములోనే కార్మికుని జీతము, ఇంజనీరు విద్య, చుట్టుపట్ల వర్తకము అన్నియు ఇమిడియున్నవి.

మన బళ్లారి సీమకు వచ్చుసరికి కథ మనము కన్నులార చూచినదే. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది; మనము ఇచ్చటనే నిలిచితిమి. సండూరు, హొసపేట కొండలలో మాంగనీసు, ఇనుము త్రవ్వుట పూర్వము నుండియు ఉన్నది. ప్రభుత్వ రంగములోని దోణిమలై గని 1977లో మొదలైనది. కాని అసలు పరుగు 2000 తరువాత వచ్చినది. 2000లో 13 కోట్ల టన్నులకు లోపుగా ఉన్న చైనా ఉక్కు ఉత్పత్తి 2008 నాటికి 50 కోట్ల టన్నులు దాటినది. ఖనిజము ధర ఆకాశమంటినది. మనదేశపు కర్మాగారములు అంతగా ఆదరింపని పొడి ఖనిజమును సైతము చైనా కొన్నది. 2009-10లో భారతదేశము సుమారు 11 కోట్ల 70 లక్షల టన్నుల ఇనుప ఖనిజమును ఎగుమతి చేసినది.

అపుడు ప్రజల వాటా ఎంత? 2009 ఆగస్టు వరకు రాయల్టీ, ధరను బట్టి గాక, టన్నునకు ఇంత యని నిర్ణయమై యుండెను. మేలురకము గడ్డ ఖనిజమునకు సైతము అది 27 రూపాయలు. టన్ను 100 డాలర్లకు అమ్మినచో ఆనాటి లెక్కకు నాలుగువేల రూపాయలు. అందులో 27 రూపాయలు నూటికి ఒక్క రూపాయి గూడ కాదు. రవాణా, కూలి, పన్నులు పోను మిగిలిన లాభము పెరిగినకొలది గని గలవారికి చేరినది. కొండ గల ప్రజలకు చేరలేదు. పెద్దాయన ప్రశ్నకు మొదటి సమాధానమిదియే. రెండవ సమాధానము ఇంకను కష్టమైనది. అక్రమముగా త్రవ్వి తరలించిన ఖనిజము వలన ప్రభుత్వమునకు 16,085 కోట్ల రూపాయల నష్టము కలిగెనని కర్ణాటక లోకాయుక్త 2011 జూలైలో నివేదించిరి.

పరుగు ఎంత వేగముగా వచ్చెనో అంత వేగముగా నిలిచినది. 2010 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము ఎగుమతిని నిషేధించినది. 2011 జూలై 29న సుప్రీముకోర్టు బళ్లారి జిల్లాలో త్రవ్వకమునే ఆపినది. 2013లో నియమములు పాటించిన గనులకు మాత్రము అనుమతి లభించినది; ఎగుమతికి కోర్టు అనుమతి 2022 మే నెలలో గాని రాలేదు. ఈ నడుమ ప్రపంచ ధర 2011లో టన్ను 180 డాలర్లు దాటియుండి, 2015 చివరకు 40 డాలర్లకు దిగువకు జారినది. కోర్టు ఆపకున్నను ఆ ధరకు ఆ పరుగు నిలిచియుండెడిది కాదు.

పెద్ద దేశమునకు ఇట్టి దెబ్బ అంతగా తగులదు. భారతదేశపు ఎగుమతులలో ఇనుపరాయి ఒక చిన్న భాగము. కాని ఒక తాలూకాకు అది సర్వస్వము కావచ్చును. లారీ బాడుగలు పెరిగినపుడు వ్యవసాయమునకు కూలీలు దొరకరు. పొలములను త్రవ్వకమునకు ఇచ్చినవారికి తిరిగి సాగు చేయుటకు పైమన్ను మిగులదు. గని నిలిచినపుడు రెండును పోవును. ఒక రంగము ఉబ్బి తక్కిన రంగములను ఎండగట్టు ఈ జబ్బునకు, సహజవాయువు దొరికిన నెదర్లాండ్సు అనుభవమును బట్టి, 1977లో "డచ్చి వ్యాధి" యని పేరు వచ్చినది.

మాకు ఈ వ్యాధి హాజరుపట్టీలలో కనిపించినది. ఆ సంవత్సరములలో తొమ్మిదవ తరగతి పిల్లలు ఒకరి వెంట ఒకరు బడి మానిరి. లారీ క్లీనరుగా పోయినవాడు సాయంత్రమునకు తెచ్చు సొమ్ము చూచిన తండ్రికి, పదవ తరగతి ప్రయోజనమేమో మేము చెప్పలేకపోతిమి. మా మాటలో బలము లేక కాదు. ఎదురుగా ఉన్న నోటుకు బలమెక్కువ. 2011 తరువాత ఆ పిల్లలలో కొందరు, వాయిదాలు కట్టలేక నిలిచిపోయిన లారీల ప్రక్కన కూర్చుండుట మేము చూచితిమి. ఒకడు మా యొద్దకు వచ్చి, "మళ్లీ పరీక్ష కట్టొచ్చా సార్?" అని అడిగెను. కట్టించితిమి. అందరును అట్లు రాలేదు. ఆనాడు ఇంటింటికి తిరిగి మరింత గట్టిగా చెప్పియుండవలసినదని నేటికిని మాకు తోచుచుండును.

పరిస్థితి కొంత మారినది. 2009లో రాయల్టీని ధరలో నూటికి 10 వంతులుగను, 2014లో 15 వంతులుగను చేసిరి. 2015 చట్టముచే గనుల కౌలును వేలము వేయుటయు, ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధిని ఏర్పరచుటయు జరిగినది. పాత గనుల యజమానులు రాయల్టీలో నూటికి 30 వంతులును, వేలములో పొందినవారు 10 వంతులును ఈ నిధికి అదనముగా చెల్లింపవలెను. త్రాగునీరు, వైద్యము, విద్య మొదలగు వానికి ఇందు ప్రాధాన్యము గలదు. ఖనిజ హక్కులపై పన్ను విధించు అధికారము రాష్ట్రములకు గలదని 2024 జూలైలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తోరణగల్లులో కొండరాయి ఇచ్చటనే ఉక్కుగా మారుచున్నది. ఇవి మంచి మార్పులే. కాని చట్టము తలుపు తెరచును. లోనికి పోవలసినది మనమే.

కావున తల్లిదండ్రులకు మా మనవి రెండు మాటలు. ఒకటి, జిల్లా ఖనిజ నిధి నుండి మీ ఊరికి ఏ పని మంజూరైనదో, ఎంత ఖర్చైనదో అడుగుడు. ఆ వివరములను ప్రజలకు తెలియజేయవలెనని నిబంధన గలదు. పాఠశాలకు గది కావలెనన్నను, బావికి మంచినీరు కావలెనన్నను అడుగుట మన హక్కు. తెలుగువారమని, అల్పసంఖ్యాకులమని వెనుకకు తగ్గవలసిన పనిలేదు; ఈ ధూళిని అందరితో పాటు మనమును పీల్చినాము. రెండు, ధర మరల పెరుగవచ్చును, లారీలు మరల బారులు తీరవచ్చును. ఆనాడు పిల్లవానిని బడి మాన్పింపకుడు. కన్నడము, ఇంగ్లీషు, గణితము నేర్చినవాడు గని నిలిచిన మరునాడు వేరొక పనికి పోగలడు. క్లీనరు పని మాత్రమే నేర్చినవాడు పోలేడు.

పెద్దాయన అడిగిన కోట్లలో కొన్ని ఓడలతో పోయినవి, కొన్ని కొందరి ఇండ్లలో చేరినవి, కొన్ని ధర పడినపుడు మాయమైనవి. ఇక ముందు వచ్చు వానిలో కొన్నియైనను ఈ బడి బల్లల మీదికి చేరవలెనని మా కోరిక. కొండ ఎటులైనను తరుగును. తరిగిన కొండకు మారుగా చదువుకొన్న తరమొకటి నిలిచినచో, ఆ అమ్మకము నష్టపు బేరము కాదు.