ప్రవాస సిక్కులు, పరాయి సర్కార్లు: మీకు తెలుసా?

అరిజోనాలోని చాండ్లర్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఇంటెల్ లాంటి కంపెనీల్లో ఉద్యోగాలు, పిల్లల చదువులు, శనాదివారాల్లో గుడి, పండగలకు సంఘం కార్యక్రమాలతో రోజులు గడిచిపోతుంటాయి. పక్క ఊరు మీసాలో, కాస్త దూరంలోని ఫీనిక్స్‌లో సిక్కు కుటుంబాలూ చాలా కాలంగా ఉన్నాయి. ప్రవాస సిక్కుల గురుద్వారా రాజకీయాల్లో నూరేళ్లకు పైగా ఏదో ఒక ప్రభుత్వం వేలు పెడుతూనే వచ్చింది. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లు, ఒకప్పుడు జర్మన్లు, ఇప్పుడు ఢిల్లీ, ఇస్లామాబాద్. ఇది సిక్కుల గొడవే కదా అని ఊరుకోవడానికి లేదు. అదే కాన్సులేట్, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే అదే ఓసీఐ కార్డు, అవే వీసా భయాలు మనకూ ఉన్నాయి. అందుకే ఈ విశేషాలు.

మీసాలో ఒక పెట్రోలు బంకు

2001 సెప్టెంబర్ 15, శనివారం. మీసాలోని తన పెట్రోలు బంకు ముందు బల్బీర్ సింగ్ సోధీ పూలమొక్కలు నాటించే పనిలో ఉన్నారు. తలపాగా, గడ్డం చూసి ఆయన్ను శత్రువనుకుని ఫ్రాంక్ రోక్ అనే వ్యక్తి కాల్చి చంపాడు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జరిగిన మొదటి విద్వేష హత్యగా చరిత్ర దీన్ని చెబుతుంది. చనిపోయే ముందు అదే రోజు సోధీ కాస్ట్‌కో దుకాణంలో ఆ దాడుల బాధితుల నిధికి 75 డాలర్లు ఇచ్చి వచ్చారు. ఎక్కడో జరిగిన ఘోరానికి ఏ సంబంధమూ లేని మనిషి ప్రాణం పోయింది. ప్రవాసి ముఖం చూసి లోకం ఏ కథ అల్లుకుంటుందో అతని చేతిలో ఉండదని ఇంతకంటే గట్టిగా చెప్పే సంఘటన ఆ ప్రాంతంలో మరొకటి లేదు.

పేరు చెరిపేయాలన్న బిల్లు

ఫీనిక్స్‌లో రాష్ట్ర కేపిటల్ దగ్గరున్న సెప్టెంబర్ 11 స్మారకంపై సోధీ పేరు ఉంది. ఆ పేరున్న పలకను తీసేయాలని 2011లో అరిజోనా శాసనసభ బిల్లు ఆమోదించింది. సిక్కులు, వాళ్లతోపాటు ఎందరో అభ్యంతరం చెప్పారు. గవర్నర్ జాన్ బ్రూవర్ వీటో చేయడంతో పేరు నిలిచింది. రోక్‌కు మొదట మరణశిక్ష పడి, 2006లో అది యావజ్జీవంగా మారింది. 2016లో బల్బీర్ తమ్ముడు రాణా సింగ్ సోధీ జైల్లో ఉన్న రోక్‌తో ఫోన్‌లో మాట్లాడి, అతన్ని ఎప్పుడో క్షమించానని చెప్పారు. సొంత అన్నను బలి తీసుకున్నవాణ్ణి కూడా మనిషిగా చూడగలిగిన సమాజం అది.

అరిజోనా చట్టంలో 'హిందూ'

ఒకప్పుడు అమెరికాలో పంజాబీ సిక్కుల్ని కూడా 'హిందూ'లనే పిలిచేవారు. 1931లో అరిజోనా చట్టం తెల్లవారితో పెళ్లాడకూడని జాతుల జాబితాలో ఆ పేరును చేర్చింది. 1962 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు 'తెల్లవారు' కారని, పౌరసత్వానికి అర్హులు కారని తీర్పునిచ్చింది. థింద్ సిక్కు; మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయులకు పౌరసత్వపు దారి తెరుచుకుంది. ఏ దేశపు కాగితమూ గట్టిగా చేతిలో లేని మనుషుల్ని బెదిరించడం ప్రభుత్వాలకు సులువు. కింది కథల్లో కొన్నిటి వెనక ఉన్నది ఈ నిస్సహాయతే.

మన హైదరాబాద్ సిక్కులు

మన దగ్గరి సిక్కులూ ఒక ప్రభుత్వం పంపగా వచ్చినవాళ్లే. 1830లలో నిజాం దివాన్ చందూలాల్ కోరిక మీద మహారాజా రంజిత్ సింగ్ లాహోర్ నుంచి సైన్యాన్ని పంపాడు. ఆ సైనికుల సంతతి ఇక్కడే ఉండిపోయింది. హైదరాబాద్‌లోని సిక్కు ఛావనీ ఆ కాలపు గుర్తు. ఇప్పటి తరంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో. నాందేడ్‌లోని హుజూర్ సాహెబ్ గురుద్వారా పాలనకు సంబంధించిన చట్టాన్ని కూడా 1956లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభే చేసింది. గురుద్వారా నిర్వహణలో ప్రభుత్వానికి ఎంత చోటుండాలన్న వాదన అక్కడ నేటికీ సాగుతూనే ఉంది.

వాంకూవర్ కోర్టు వరండాలో

కలకత్తా పోలీసులో పనిచేసిన విలియం హాప్‌కిన్సన్ 1909 నుంచి కెనడా వలస శాఖలో ఇన్‌స్పెక్టర్. ఇంకోపక్క బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికి వేగు. వాంకూవర్ సిక్కుల్లో కొందరిని డబ్బుతో, బెదిరింపుతో తన వైపు తిప్పుకుని సమాచారం లాగేవాడు. అతని ఇన్ఫార్మర్ బేలా సింగ్ 1914 సెప్టెంబర్ 5న గురుద్వారాలోనే తుపాకీ తీసి ఇద్దరిని చంపాడు. ఆ కేసులో బేలా సింగ్ తరఫున సాక్ష్యం చెప్పడానికి అక్టోబర్ 21న హాప్‌కిన్సన్ కోర్టు వరండాలో నిలబడి ఉండగా, మేవా సింగ్ అనే సిక్కు అతన్ని కాల్చేశాడు. పారిపోలేదు, తప్పు ఒప్పుకున్నాడు. 1915 జనవరి 11న ఉరి తీశారు. నాలుగు నెలలకు కాస్త పైగా వ్యవధిలో ఈ నలుగురూ పోయారు. ఎవరు ఎవరి మనిషో తెలియని అనుమానం మాత్రం ఆ సమాజంలో ఏళ్ల తరబడి మిగిలింది.

గదర్ పార్టీలో కనిగిరి వాడు

భారత స్వాతంత్ర్యం కోసం 1913లో అమెరికా పశ్చిమ తీరంలో పుట్టిన గదర్ పార్టీలో ఎక్కువమంది పంజాబీ రైతులు, కూలీలు. వాళ్ల మధ్య ఒక తెలుగువాడూ ఉన్నాడు. ఆంధ్రలోని కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఆ పార్టీలో చేరారు. యుద్ధకాలంలో బ్రిటిష్ జైళ్లలో మగ్గారు. తర్వాత సంఘ సంస్కరణలో గడిపిన ఆయన జీవితం 'నేనూ - నా దేశం' అన్న ఆత్మకథగా తెలుగువారికి దక్కింది. సిక్కు ప్రవాసుల పోరాటంలో మనకూ వాటా ఉందని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

జర్మన్ డబ్బు, అమెరికా కోర్టు

బ్రిటన్‌ను దెబ్బతీయాలన్న ఆశతో మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ గదర్ పార్టీకి డబ్బు, ఆయుధాలు సమకూర్చే ప్రయత్నం చేసింది. 1917 నవంబర్ 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కుట్రపై విచారణ మొదలైంది. ముద్దాయిల్లో జర్మన్ కాన్సుల్ జనరల్ ఫ్రాంజ్ బాప్ కూడా ఉన్నాడు. 1918 ఏప్రిల్‌లో విచారణ ముగిసే వేళ, కోర్టు గదిలోనే రామ్‌చంద్ర అనే గదర్ నాయకుణ్ణి సహముద్దాయి రామ్ సింగ్ కాల్చి చంపాడు. మార్షల్ తుపాకీకి రామ్ సింగ్ అక్కడికక్కడే పడిపోయాడు. స్వాతంత్ర్యం కోసం చేరిన మనుషుల మధ్యకు పరాయి ప్రభుత్వ ధనం వచ్చిపడ్డాక ఎవరు ఎంత తిన్నారన్న అనుమానమే ఆ పార్టీని లోపల్నుంచి చీల్చింది.

329 ప్రాణాలు

1985 జూన్ 23న ఎయిరిండియా 182 విమానం ఐర్లండ్ తీరాన పేలిపోయి 329 మంది మరణించారు. వాళ్లలో ఎక్కువమంది కెనడా పౌరులే. బాంబు పెట్టింది ప్రత్యేక సిక్కు దేశం కోరే ఖలిస్తాన్ తీవ్రవాదులు. 2010లో వచ్చిన జాన్ మేజర్ కమిషన్ నివేదిక కెనడా పోలీసు, గూఢచార శాఖల వైఫల్యాలను ఒక్కొక్కటిగా లెక్కగట్టింది. ప్రవాస సిక్కు రాజకీయాల గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ 329 మందిని మరచిపోకూడదు. భారత్ భద్రతా ఆందోళన ఉత్తిగా పుట్టింది కాదు. అయితే ఆ ఆందోళన పేరిట ప్రతి తలపాగానీ అనుమానించే హక్కు ఎవరికీ రాదు.

లండన్ దస్త్రాల్లో బయటపడ్డ సలహా

2014 జనవరిలో బ్రిటన్ పాత ప్రభుత్వ దస్త్రాలు బయటికొచ్చాయి. 1984 ఫిబ్రవరిలో స్వర్ణ దేవాలయంపై సైనిక చర్య విషయంలో బ్రిటిష్ ప్రత్యేక దళమైన ఎస్‌ఏఎస్ అధికారి భారత్‌కు వచ్చి సలహా ఇచ్చినట్టు అందులో తేలింది. బ్రిటిష్ సిక్కులు గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం జరిపించిన సమీక్ష ఆ సలహా ప్రభావం స్వల్పమేనని తేల్చింది. కానీ తాము పన్ను కట్టే ప్రభుత్వమే ఆ విషయాన్ని 30 ఏళ్లు తమకు చెప్పకుండా దాచిందన్న బాధ అంత తేలిగ్గా పోయేది కాదు.

హైదరాబాదులో పుట్టిన ఓసీఐ కార్డు

2006 జనవరిలో హైదరాబాద్‌లో ప్రవాసీ భారతీయ దివస్ జరిగింది. అక్కడే తొలి ఓసీఐ కార్డులు అందించింది ప్రధాని మన్మోహన్ సింగ్, ఒక సిక్కు. అదే కాలంలో విదేశీ సిక్కుల పేర్లతో ఒక నల్లజాబితా కూడా నడిచేది. 2019 నాటికి అందులో 314 పేర్లున్నాయి. జాబితాలో పేరున్నవాళ్లకు వీసా గగనమే. సొంతూళ్లో చావుకీ పెళ్లికీ వెళ్లలేకపోయారు. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం 312 పేర్లు తీసేసి రెండు మాత్రం ఉంచింది. మంచి పనే. కానీ 2021 మార్చి నిబంధనల ప్రకారం జర్నలిజం, పరిశోధన, మత ప్రచారం వంటి పనులకు ఓసీఐ ఉన్నవాళ్లు ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. కార్డు మన చేతిలో ఉన్నా దాని తాళం మరొకరి చేతిలో ఉంటుందని ఇది చెబుతోంది.

అధికారులకు మూసిన తలుపులు

2018 జనవరిలో కెనడా, అమెరికా, బ్రిటన్‌లలోని చాలా గురుద్వారాలు భారత అధికారుల ప్రసంగాలను, అధికారిక హోదాలో రాకను నిషేధించాయి. అమెరికాలో 96 గురుద్వారాలు ఇలా ప్రకటించాయి. భక్తుడిగా రావచ్చు, లంగర్‌లో కూర్చోవచ్చు. ప్రభుత్వ ప్రతినిధిగా మాత్రం వేదిక ఎక్కొద్దన్నారు. సిక్కుల్లోనే దీన్ని వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. ఆ విభేదం సిక్కులు తమలో తాము తేల్చుకోవాల్సింది.

ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు

2019 డిసెంబర్‌లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఒక భారతీయ జంటను దోషులుగా తేల్చింది. జర్మనీలోని సిక్కు, కశ్మీరీ సమాజాల సంగతులు భారత గూఢచార సంస్థకు చేరవేశారన్నది నేరం. భర్తకు సస్పెండ్ చేసిన 18 నెలల జైలుశిక్ష, భార్యకు జరిమానా. వాళ్లకు మొత్తం ముట్టింది దాదాపు 7,200 యూరోలు. పక్కన కూర్చుని భోంచేసినవాళ్లే నోటుపుస్తకంలో రాసుకుంటున్నారని తెలిసిన రోజున ఆ సమాజం ఎంత బిగుసుకుపోతుందో ఊహించుకోవచ్చు.

పాకిస్తాన్ పాట, పాకిస్తాన్ డబ్బు

భారత సిక్కు యాత్రికులు పాకిస్తాన్‌లోని గురుద్వారాకు వెళ్లే కర్తార్‌పుర్ కారిడార్ 2019 నవంబర్ 9న తెరుచుకుంది. అంతకు కొన్ని రోజుల ముందు పాకిస్తాన్ ప్రభుత్వం విడుదల చేసిన పాట వీడియోలో సిక్కు తీవ్రవాద నాయకుడు భింద్రన్‌వాలే బొమ్మ కనిపించడంతో భారత్ నిరసన తెలిపింది. అమెరికాలో మరో ఉదాహరణ కశ్మీరీలది. గులాం నబీ ఫాయ్ నడిపిన కశ్మీరీ అమెరికన్ కౌన్సిల్‌కు పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్‌ఐ నుంచి కనీసం 35 లక్షల డాలర్లు వచ్చాయి; ఆ నిజం దాచిన నేరాన్ని అతను 2011 డిసెంబర్‌లో ఒప్పుకున్నాడు. ఒక సమాజం గాయాన్ని ఎరగా వాడుకునే ప్రభుత్వం ఆ గాయం మాన్పడానికి రాలేదని అర్థం.

సర్రే నుంచి న్యూయార్క్ దాకా

2023 జూన్ 18న కెనడాలోని సర్రే గురుద్వారా పార్కింగ్‌లో ఖలిస్తాన్ వాది హర్దీప్ సింగ్ నిజ్జర్ హత్య జరిగింది. భారత ప్రభుత్వ ఏజెంట్ల ప్రమేయంపై నమ్మదగిన ఆరోపణలున్నాయని అప్పటి కెనడా ప్రధాని ట్రూడో సెప్టెంబర్ 18న పార్లమెంటులో అన్నారు. భారత్ దాన్ని కొట్టిపారేసింది. అదే ఏడాది న్యూయార్క్‌లో మరో ఖలిస్తాన్ వాది గురుపత్వంత్ సింగ్ పన్నూన్ హత్యకు కుట్ర జరిగిందని అమెరికా న్యాయశాఖ అభియోగం మోపింది. లక్ష డాలర్ల బేరం. అందులో 15,000 డాలర్ల నగదు మన్‌హట్టన్‌లో ఒక కారులో చేతులు మారినట్టు అభియోగపత్రంలో ఫొటోతో సహా ఉంది. కిరాయి హంతకుడనుకున్న వ్యక్తి మారువేషంలో ఉన్న అమెరికా అధికారి. ఈ కుట్రపై భారత్ వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2025 జనవరిలో ఒక వ్యక్తిపై చట్టపరమైన చర్యకు సిఫారసు చేసింది.

చట్టం ఎక్కడ గీత గీసింది?

అమెరికాలో విదేశీ ప్రభుత్వం తరఫున లాబీయింగ్ చేయడం నేరం కాదు. 1938 నాటి విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలంతే. ఆ దస్త్రాలు న్యాయశాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. చాండ్లర్‌లో ఇంట్లో కూర్చుని కూడా. నేరమల్లా దాచడం, బెదిరించడం, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేరెత్తి భయపెట్టడం. అలాంటి బెదిరింపు వస్తే ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేయొచ్చు. అలాగే గీత ఇటు వైపూ ఉంది. అప్పట్లో అరిజోనా వాసుల పాస్‌పోర్టు పనులు చూసిన శాన్‌ఫ్రాన్సిస్కో భారత కాన్సులేట్‌కు 2023 జూలైలో నిప్పు పెట్టారు. అదీ నేరమే.

ఇక మన మాట

ఖలిస్తాన్‌ను మీరు ఒప్పుకోనక్కర్లేదు. చాలామంది సిక్కులే ఒప్పుకోరు. వాదించండి, నచ్చకపోతే గట్టిగా కాదనండి. కానీ పక్కింటి సిక్కు ఏం మాట్లాడాలో, ఎవరికి భయపడాలో ఏ రాజధానీ చాటుగా నిర్ణయించకూడదు. మన సంఘానికి ఏ ప్రభుత్వం నుంచి డబ్బొచ్చినా సభ్యులందరికీ లెక్క చెప్పమందాం. ఎవరి గురించి ఎవరు సమాచారం అడిగినా, ఎందుకని ఎదురు ప్రశ్న వేద్దాం. ఈ రెండు అలవాట్లూ వాంకూవర్ సిక్కులకు 1914లో ఉండుంటే హాప్‌కిన్సన్ పని అంత తేలిగ్గా సాగేది కాదు. అవి ఇవాళ చాండ్లర్ తెలుగువాళ్లకు ఉంటే, రేపు మన మధ్యకు వచ్చే వేగుకు చోటుండదు.