బోరబండ ఆటో – ఒక సరళరేఖ

రేడియోలో నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు. సరళరేఖను గూర్చి చెప్పబూనిన మాకు ఇది పెద్ద లోటే. అయినను శ్రోతల చేత ఒక కాగితమును, ఒక పెన్సిలును ఉన్నచో ఆ లోటు చాలవరకు తీరును. అవియు లేనివారు కన్నులు మూసికొని బోరబండను తలచుకొన్నను చాలును.

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టలకు వాయవ్యముగా నున్న ఆ పేటకు పేరులోనే బండ ఉన్నది. నేల ఎగుడుదిగుడు. ఒక సందులో సైకిలు దిగి నడిపించుకొని పోవలెను. ఇంకొక సందులో త్రొక్కకయే జారిపోవచ్చును. కావున వాలు అనగానేమో అచ్చటి పిల్లలకు పుస్తకము తెరువకమునుపే తెలియును. తెలియనిది అంతరఖండము. బడిలో ఈ రెండు మాటలును జంటగా వచ్చుటచేత పిల్లలు వానిని కలగాపులగము చేసికొందురు. కాగితముపై ఏ గీత పైన ఉన్నదో దానికే వాలెక్కువ అని భ్రమపడుదురు. పిల్లలననేల? సమీకరణములు వల్లించి పరీక్షలు గట్టెక్కిన మేమును చాలకాలము ఆ భ్రమలోనే ఉంటిమి.

బోరబండలో రైల్వే స్టేషను కలదు. హైటెక్ సిటీ, భరత్‌నగరు స్టేషనుల నడుమ ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లు అచ్చట ఆగును. సికింద్రాబాదునుండి వాడికి పోవు ఈ మార్గము నిజాము పాలనలో 1874లో తెరువబడినది. మన పాఠములోని రెండు మాటలను రైల్వేవారు రెండు పలకలపై వ్రాసిపెట్టిరి. స్టేషను పేరు పలకమీద, ఆ చోటు సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో వ్రాయుట వారి ఆచారము. పట్టాల ప్రక్కన, చేతులు చాచినట్లుండు చిన్న పలకపై 200 అనియో 400 అనియో ఒక అంకె యుండును. 200 అనగా, 200 మీటర్లు ముందుకు పోవుసరికి 1 మీటరు ఎక్కుదుము, లేదా దిగుదుము అని యర్థము. మొదటి పలక మనము ఎచ్చట బయలుదేరితిమో చెప్పును. రెండవది బయలుదేరిన పిమ్మట ఎంత చొప్పున ఎక్కుచున్నామో చెప్పును. మొదటిది అంతరఖండము, రెండవది వాలు.

540 మీటర్ల ఎత్తుగల ఒక స్టేషనునుండి 200కు 1 వాలున రైలు ఎక్కుచున్నదనుకొందము. 1000 మీటర్లు పోవుసరికి అది 5 మీటర్లు ఎక్కి 545 మీటర్ల ఎత్తున ఉండును. 2000 మీటర్లకు 550. పోయిన దూరమును ఎక్స్ అనియు, ఎత్తును వై అనియు పిలిచినచో, ఎక్స్‌ను 200చే భాగించి 540 కలిపిన వై వచ్చును. తెలియని రాశులకు ఈ అక్షరములు వాడు అలవాటు ఫ్రాన్సు దేశీయుడు రెనే డేకార్టు 1637లో వెలువరించిన జ్యామితి గ్రంథమునుండి స్థిరపడినది. ఇప్పుడు వేరొక ఊరి స్టేషను 900 మీటర్ల ఎత్తున ఉండి, అచ్చటి పట్టాలు సమతలముగా నున్నవనుకొందము. ఆ గీత మొదటి గీతకంటె ఎంతో పైన ఉండును. కాని దాని వాలు సున్న. పైన ఉండుటకును, పైకి పోవుటకును సంబంధము లేదు.

స్టేషను ఆవరణలో వాలు సాధారణముగా 400కు 1 మించరాదని భారత రైల్వేల నియమము. నిలిపిన పెట్టెలు తమంతట తాము దొర్లిపోకుండుటకు ఈ జాగ్రత్త. స్టేషను కొండమీద కట్టినను, సముద్రతీరమున కట్టినను నియమము ఒక్కటే. పెట్టెను దొర్లించునది వాలు గాని ఎత్తు గాదు.

ఇక స్టేషను వెలుపలికి వచ్చి ఆటో ఎక్కుదము. హైదరాబాదు ఆటో మీటరు ధరలు 2014లో సవరింపబడినప్పుడు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, అటుపిమ్మట కిలోమీటరుకు 11 రూపాయలు అని నిర్ణయింపబడెను. బేరమాడి పోవువారును, సెల్‌ఫోనులో బండి పిలుచుకొనువారును నేడు పెక్కుమంది గాని, సరళరేఖ నేర్పుటకు ఈ మీటరు మంచి గురువు. ఆ లెక్క ప్రకారము 5 కిలోమీటర్లకు 57 రూపాయల 40 పైసలు. 8 కిలోమీటర్లకు 90 రూపాయల 40 పైసలు. దూరములో భేదము 3, రూపాయలలో భేదము 33. 33ను 3చే భాగించిన 11. ఇదియే వాలు. ఏ రెండు బిందువులు పట్టుకొన్నను, 1.6 దాటినవైనచో, ఇదే వచ్చును. అట్లు వచ్చుటచేతనే అది సరళరేఖయైనది.

మరి వై అంతరఖండమెంత? పదిమందిని అడిగినచో తొమ్మండుగురు 20 అందురు. 20 కాదు. మొదటి 1.6 కిలోమీటర్లవరకు గీత అడ్డముగా పడుకొని యుండును, తరువాతనే లేచును. లేచిన ఆ గీతను అదే వాలున వెనుకకు పొడిగించి నిలువు అక్షమును తాకించినచో, 57.40లోనుండి 5 కిలోమీటర్లకగు 55 పోగా 2.40 దగ్గర తాకును. సమీకరణము: వై = 11 ఎక్స్ + 2.40. ఈ 2 రూపాయల 40 పైసలు ఏ ప్రయాణికుడును ఏనాడును చెల్లించినది కాదు. గణితము గీతను వెనుకకు పొడిగించుకొనును. ఆటో అట్లు పోదు. కొన్ని అంతరఖండములు బ్రతుకులో కనబడును. కొన్ని కాగితముపై మాత్రమే ఉండును. ఏది ఎట్టిదో అడిగి తెలిసికొనుట లెక్కలో ముఖ్యభాగము.

ఇచ్చట ఇంకొక మాట. పట్టాల వాలు మీటరును మీటరుచే భాగించగా వచ్చినది. దానికి కొలమానము లేదు. ఆటో వాలు కిలోమీటరుకు ఇన్ని రూపాయలు అనునది. కావున కాగితముపై సెంటీమీటరుకు 10 రూపాయలు పెట్టినచో గీత నిట్రముగా కనబడును, 50 రూపాయలు పెట్టినచో వాలిపోయినట్లుండును. గీత వాలకము మారినను 11 అను అంకె మారదు. పత్రికలలో ధరల గీతలు చూచి బెదరువారు ముందు ప్రక్కనున్న అంకెలు చూచుట మేలు.

ఇంతవరకు చెప్పినది ప్రయాణికుని గీత. డ్రైవరు గీత వేరు. ఆటో సొంతము కానివాడు యజమానికి దినమునకింత అని కిరాయి కట్టవలెను. ఆ కిరాయి 320 రూపాయలనియు, బేరములు, ఖాళీగా తిరిగిన తిరుగుడు, గ్యాసు ఖర్చు అన్నియు పోగా బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకు సగటున 8 రూపాయలు చేత మిగులుననియు అనుకొందము. ఇవి లెక్కకై మేము పెట్టుకొన్న అంకెలు. శ్రోతలలో డ్రైవరులున్నచో తమ అంకెలు వేసికొనవచ్చును. దినము చివర మిగులు రాబడి: వై = 8 ఎక్స్ – 320.

ఈ గీత సున్నవద్ద మొదలుకాదు. సున్నకు 320 క్రింద మొదలగును. తెల్లవారి బండి తీసినంతనే అతడు 320 రూపాయలు బాకీపడినవాడు. అక్కడినుండి కిలోమీటరుకు 8 చొప్పున పైకి వచ్చుచు ఒకచోట అడ్డపు అక్షమును దాటును. ఎచ్చట? వై సున్నయైనచోట. 320ను 8చే భాగించిన 40. బడిలో ఎక్స్ అంతరఖండము కనుగొనుటకు వై స్థానమున సున్న వేయుమని చెప్పి ఊరకుందురు. ఆ సున్న వెనుక ఎంత కథ యున్నదో చెప్పరు. మొదటి 40 కిలోమీటర్లు యజమానికి. 41వ కిలోమీటరునుండి ఇంటికి. బియ్యము, ఇంటి అద్దె, పిల్లల ఫీజు అన్నియు ఆ బిందువునకు ఆవలనే ఉన్నవి.

గృహిణులకు ఇట్టి బిందువు మరియొక రూపమున పరిచితమే. వంటగ్యాసు సిలిండరులో నిండుగా 14.2 కిలోలుండును. దినమునకు 400 గ్రాములు ఖర్చయినచో గీత 14.2 వద్ద బయలుదేరి క్రిందికి దిగును; వాలు ఋణము. అది అడ్డపు అక్షమును తాకునది 35½ దినములకు. 36వ దినమున చుట్టములు వచ్చిన కష్టము వారికి తెలియును.

మరల ఆటోకు వచ్చెదము. యజమాని కిరాయిని 400కు పెంచెననుకొందము. గీత ఉన్న వాలుననే ఉండి, మొత్తముగా 80 రూపాయలు క్రిందికి జరుగును. రెండు గీతలును సమాంతరములు. ఎక్స్ అంతరఖండము 40నుండి 50కి పోవును. అట్లు కాక, కిరాయి 320గానే ఉండి, గ్యాసు ధర పెరిగి చేత మిగులునది 8నుండి 6 రూపాయల 40 పైసలకు తగ్గెననుకొందము. ఇప్పుడు గీత మొదలు కదలదు. అచ్చటనే కీలు వేసినట్లు వంగును. 320ను 6.40చే భాగించి చూడుడు: మరల 50యే. రెండు కష్టములును అతనిని 50వ కిలోమీటరువరకు ఒకేవిధముగా నెట్టినవి. అయినచో రెండును సమానమేనా? 90 కిలోమీటర్లు తిరిగిన దినమున చూతము. మునుపు 400 రూపాయలు మిగిలెడిది. కిరాయి పెరిగినచో 320 మిగులును. గ్యాసు పెరిగినచో 256 మాత్రమే. కిరాయి దెబ్బ ఎంత తిరిగినను 80 రూపాయలే. గ్యాసు దెబ్బ తిరిగినకొలది పెరుగును, ఎక్కువ కష్టపడినవానిని ఎక్కువ కొట్టును. ఒక్క ఎక్స్ అంతరఖండము చూచి తీర్పు చెప్పువాడు ఈ భేదమును కానడు.

మూడవ విధపు మార్పు కూడ కలదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆర్.టి.సి. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనది. బోరబండనుండి పనికి పోవు స్త్రీకి ఆనాటినుండి బస్సు గీత అడ్డపు అక్షముమీదనే పడుకొన్నది: వాలు సున్న, అంతరఖండము సున్న. ఆ ఇంటికి అది ఎంత మేలో చెప్పనక్కరలేదు. అదే కాలమున ఆటో డ్రైవరులు తమ రాబడి తగ్గినదని నిరసన తెలిపిరి. లెక్క దృష్టితో చూచినచో ఆ పథకముచే వారి కిరాయియు మారలేదు, కిలోమీటరు మిగులుబాటును మారలేదు. గీత ఉన్నచోటనే ఉన్నది. దానిమీద వారు నిలుచు బిందువు ఎడమకు జరిగినది. 90వద్ద నిలిచినవాడు 50వద్ద నిలిచినచో మిగులు 400నుండి 80కి పడును. దూరము సగమునకు దగ్గరగా తగ్గగా, రాబడి అయిదవవంతునకు దిగినది. అంతరఖండము సున్నకు క్రింద నుండుటవలననే ఈ వైపరీత్యము.

అట్టివానికి ఎవరైన క్రొత్త బండి చూపి, దీనికి ఖర్చు తక్కువ, కిలోమీటరుకు 10 రూపాయలు మిగులును, కిరాయి మాత్రము 440 అన్నచో ఏమి చేయవలెను? పాత బండి 8 ఎక్స్ – 320. క్రొత్త బండి 10 ఎక్స్ – 440. రెండు గీతలును 60వ కిలోమీటరువద్ద కలిసికొనును. అచ్చట రెంటికిని 160 రూపాయలే. 90 తిరిగినచో పాతది 400, క్రొత్తది 460. 50 తిరిగినచో పాతది 80, క్రొత్తది 60. వాలు నిట్రమైన సందులో పైకి పోయినప్పుడు ఎత్తు త్వరగా వచ్చును. వెనుకకు దిగినప్పుడు అంత త్వరగానే పోవును. కిలోమీటరుకు 10 అను మాట విని సంతోషించువాడు 440ను మరువరాదు. 440 విని బెదరువాడు 10ని మరువరాదు.

ఇందులో ఒక సౌలభ్యము కలదు. గీతలు సరళరేఖలగుటచేత ప్రతి దినపు లెక్కయు విడివిడిగా వేయనక్కరలేదు. నెల సగటు దూరము చాలును. 24 దినములు బండి నడుపువాడు వానిలో సగము దినములు 90 కిలోమీటర్లును, సగము దినములు 50 కిలోమీటర్లును తిరిగినచో సగటు 70; క్రొత్త బండి దినమునకు 20 రూపాయలు మేలు. 6 దినములు మాత్రమే 90, తక్కిన 18 దినములు 50 అయినచో సగటు సరిగా 60. రెండు బండ్లును సమానము. అంతకును తక్కువైనచో పాత బండియే ఉంచుకొనవలెను. గోడమీది క్యాలెండరుపై నెలరోజులు, తిరిగిన కిలోమీటర్లు రాత్రి పండుకొనబోవుముందు వ్రాసికొన్నచో, బండి మార్చు విషయము పదవ తరగతి చదువు పిల్లవాడు ఇంటిలోనే లెక్కగట్టి చెప్పగలడు.