పాత కారు - ఇంటి పద్దు

గుంటూరు, ప్రకాశము మండలములయందు రైతుకుటుంబములకు సొమ్ము ప్రత్తియు మిరపకాయలును అమ్ముడుపోయిన నెలలలోనే చేరును. పాత కారు మాత్రము ఏడాది పొడవునను ఖర్చు కోరుచునే యుండును. కావున మిర్చియార్డు పట్టీ సొమ్ము చేతికందిన దినముననే దానికొక భాగము వేరుగా దాచవలెనని మేము గట్టిగా జెప్పుదుము.

2014లో తయారీ నిలిచిన మారుతి 800 వంటి బండ్లకు పదునైదేండ్లు నిండగనే రిజిస్ట్రేషను మరల చేయింపవలెను. 600 రూపాయలుగా నుండిన ఆ రుసుము 2022 ఏప్రిలులో 5,000 అయినది. ఇరువదియేండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. ముందే తెలిసిన ఖర్చునకు అప్పు చేయనేల?

అసలు భయము రేడియేటరుతో. దూదిపింజలు, చేలదుమ్ము దాని రెక్కలనడుమ పేరుకొని గాలి నడ్డగింపగా, మే నెల యెండలో ఇంజను కాగిపోవును. బీటలిచ్చిన రబ్బరు గొట్టమును వెంటనే మార్పించిన వందలతో పోవును. ఇంజను విప్పించిన వేలు చాలవు. “రేపు చూతము” అను మగవారి మాట వినకుడు. ఉదయమున బండి చల్లగా నున్నపుడే కూలెంటు చూచుకొనుడు. వేడిమీద మూత తీయకుడు.