రెండు లిపుల చర్చావేదిక : రూపనిర్ణయము

ఉర్దూ, తెలుగు భాషలు రెండింటికిని చోటిచ్చే కళాశాల సంచికకు ముఖపత్రాలు రెండు. ఉర్దూ భాగం కుడివైపునుండి, తెలుగు భాగం ఎడమవైపునుండి తెరచుకొని, నడుమ ఒక పుటవద్ద ఎదురెదురుగా నిలుస్తవి. అచ్చుపని చేయువారికి ఇది పెద్ద చిక్కు కాదు. ఎవరి పుటలు వారివి. కాని ఒకే పుటమీద ఒకరు ఉర్దూలో అడిగిన ప్రశ్నకు మరొకరు తెలుగులో సమాధానం వ్రాసి, దానిపై మూడవవారు ఆంగ్లంలో ఆక్షేపణ తెలిపినప్పుడు ఆ మాటలను ఏ వరుసలో, ఏ అంచునుండి పేర్చవలెను? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులు సెలవులలో సైతం కలసి చర్చించుకొనుటకు కంప్యూటరు ద్వారా ఒక వేదికను నెలకొల్పదలచినచో మొదట తేల్చుకొనవలసినది ఇదియే. రంగులు, బొమ్మలు, బిరుదులు తరువాతి మాట.

ఇట్టి వేదికలు నిన్న మొన్న పుట్టినవి కావు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లు 1979లో తలపెట్టిన యూస్‌నెట్ 1980 నుండి నడిచినది. పిమ్మట విదేశాంధ్రులకును అందులో ఒక విభాగం ఏర్పడినది. అయితే ఆనాటి యంత్రాలకు మన లిపి తెలియదు గనుక వారు తెలుగును రోమన్ అక్షరాలలో వ్రాసుకొనిరి. ఆ అడ్డంకి తొలగి చాలకాలమైనను మన విద్యార్థులలో అనేకులు నేటికిని చేతిఫోనులో తెలుగును, ఉర్దూను రోమన్ అక్షరాలలోనే వ్రాయుచున్నారు. వేదిక తమ లిపిని వికారంగా చూపినచో ఈ అలవాటు మరింత బలపడుతుంది. నాలుగేండ్లు చదివి పోయిన విద్యార్థి తన భాషలో ఒక ఉత్తరమైనను వ్రాయజాలకపోతే ఆ నష్టాన్ని ఏ పరీక్షాఫలితమూ తీర్చలేదు. మా ఆందోళన అంతయు ఇచ్చటనే ఉన్నది.

ఇక చూపు తీరుల సంగతి. ఆస్ట్రేలియాలో మార్టిన్ డుగియామస్ ప్రారంభించగా 2002లో తొలి పూర్ణరూపం వెలువడిన మూడుల్ అను ఉచిత సాఫ్ట్‌వేరును ఉదాహరణగా తీసికొందము. ఇందు చర్చను చూపుటకు ప్రధానంగా నాలుగు పద్ధతులు కలవు. పాతమాట ముందుగా అన్నియు ఒకే వరుసలో. క్రొత్తమాట ముందుగా అదే వరుసలో. జవాబుల శీర్షికలను మాత్రమే కొమ్మలుగా. జవాబులను పూర్తిగా ఒకదానిలోపల ఒకటిగా. జవాబు వెంట జవాబు సాగు ఈ వ్యవహారాన్ని ఆంగ్లేయులు దారముతో పోల్చినారు. సిరిసిల్ల మగ్గాల చప్పుడులో పెరిగినవారికి ఈ పోలికను వేరుగా వివరింపనక్కరలేదు. పోగు తెగినచోట అతుకక బట్ట ముందుకు సాగదు.

వినినంతనే నాలుగవ పద్ధతి ఉత్తమమని తోచును. ఎవరి మాటకు ఎవరు బదులిచ్చినది స్పష్టముగదా! అయితే ప్రతి జవాబును అంచునుండి కొంత లోపలికి జరుపుట దాని స్వభావం. ఇద్దరు పట్టువిడువక వాదించుకొన్నచో అయిదారు మెట్లు దిగగానే చిన్నఫోనులో పంక్తికి రెండు మాటలే మిగులును. తెలుగు మాటలు అసలే పొడవు. అవి నడుమ విరిగిపోవును. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. తెలుగు జవాబు ఎడమ అంచునుండి లోపలికి జరుగవలెను, ఉర్దూ జవాబు కుడి అంచునుండి. రెండును కలిసినప్పుడు మెట్లు ఇరువైపులనుండి వచ్చి ఢీకొనును. ఏది దేనికి బదులో కంటికి తెలియదు. ఏ స్పష్టత కొరకై ఆ పద్ధతిని కోరినామో అదియే పోవును.

కావున పాతమాట ముందుగా ఒకే వరుసలో చూపుటయే మనకు తగినదని మా అభిప్రాయం. 2013లో వెలువడిన డిస్కోర్స్ అను సాఫ్ట్‌వేరు నిర్మాతలును ఒకే వరుసనే ఎన్నుకొని, ఏ మాటకు బదులో చూపు సంకేతాన్ని మాత్రం ప్రక్కన ఉంచినారు. తెలుగు వికీపీడియా 2003లో ఆరంభమైనది. దాని చర్చాస్థలానికి రచ్చబండ అని పేరు. ఉర్దూవారి చర్చాస్థలానికి దీవానె ఆమ్ అని పేరు. పేర్లు ముచ్చటైనవే. అసలు రచ్చబండమీద మాటలు ఎట్లు సాగెడివి? ఒకరి తరువాత ఒకరు మాట్లాడుదురు. “పటేలా, నీవన్నదానికి నా జవాబిది” అని ముందుగా పిలిచి మరీ చెప్పుదురు. వ్రాతలోనూ అంతే. బదులిచ్చువారు ఎదుటివారి వాక్యం ఒకటి పైన ఉదహరించినచో పోగు తెగదు.

లిపిదిశను వేదికకంతటికి ఒకటిగా గాక, ప్రతి లేఖకు దాని మొదటి అక్షరాన్నిబట్టి నిర్ణయించు ఏర్పాటు ఉండవలెను. యూనికోడ్ నియమాలు ఇందుకు వీలు కల్పించినవి. దిశ తప్పినచో ఏమగునో చూడుడు: ఉర్దూ వాక్యం చివర ఆంగ్లపు చుక్కను ఉంచినచో అది ఎగిరి మొదటిమాట ముందర కూర్చుండును. నడుమ ఒక తెలుగు పదం ఉన్నచో కుడినుండి చదువువారికి వాక్యపు ఉత్తరార్ధం ముందు, పూర్వార్ధం వెనుక వచ్చును. ఆంగ్లానికి సరిపడు పంక్తుల ఎడము కూడ మనకు చాలదు. నస్తాలీఖ్ అక్షరాలు మెట్లుమెట్లుగా క్రిందికి జారును. తెలుగులో వత్తులు క్రిందికి దిగును. పంక్తులు ఇరుకైనచో రెండింటికిని పాదాలు తెగును. ఈ విషయంలో మాత్రం ఉభయభాషలవారి మొర ఒక్కటే!

భాషకొక గది కట్టి ఇచ్చిన ఈ తంటా ఏమియు ఉండదుగదా అని కొందరనవచ్చును. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషగా అంగీకరించినది. కళాశాలలో దానికి వేరుగది చూపుట మాకు సమంజసంగా తోచదు. పైగా జనం తక్కువైన గది త్వరలోనే పాడుపడును. బటనులు, ఆదేశాలు ఎవరికి ఏ భాషలో కావలెనో వారే ఎన్నుకొనవచ్చును. సంభాషణ మాత్రం ఒకేచోట జరుగవలెను. ఇందువలననే మెప్పు గుర్తుల లెక్కనుబట్టి మాటలను పైకి తెచ్చు సౌకర్యాన్ని మేము వ్యతిరేకిస్తున్నాము. ఎక్కువమంది చదువగల భాషలోని మాటయే ఎల్లప్పుడును పైకి వచ్చును. చక్కని ఉర్దూ సమాధానం అడుగున పడియుండును.

మూడుల్‌లోని ఒక సౌకర్యం మాత్రం తప్పక తీసికొనదగినది. ప్రశ్నకు తన జవాబు వ్రాసిన పిదపనే ఇతరుల జవాబులు కనబడును. వెనుకబెంచీలవారు ముందుబెంచీలవారిని చూచి వ్రాయుటకు వీలుండదు, తమ మాట తేలిపోవునని జంకవలసిన పనియు లేదు. వ్రాసినదానిని దిద్దుకొనుటకు సాధారణంగా 30 నిమిషాల గడువు కూడ అందు కలదు. ఫోను నంబరు ఆధారంగా నడచు బృందాలలో తమ నంబరు ఇతరుల కంటబడునని సంకోచించు విద్యార్థినులకు నంబరు అక్కరలేని వేదిక మేలు.

కమిటీవారు నిశ్చయించుటకు పూర్వం మూడు ఊళ్ళ విద్యార్థులచేత, తక్కువ వెల ఫోనులమీదనే, ఒక ఉర్దూ వాక్యంలో ఒక తెలుగు పేరును ఒక సంవత్సరపు అంకెను చేర్చి వ్రాయించి చూడవలెను. పూర్ణవిరామం ఏ అంచున నిలిచినదో గమనించినచో ఆ సాఫ్ట్‌వేరు మనకు పనికివచ్చునో లేదో తెలియును.